నిలిచిన బండి

రాయచోటి నుంచి కడపకు వారానికి మూడుసార్లు దిగుతాను.
వెనక సీట్లో ఐసు డబ్బా,
డబ్బాలో నలభై మంది నెత్తురు, పేర్లు అంటించిన సీసాల్లో.
బండి పాత జెన్. నాకన్నా ఐదేళ్ళు చిన్నది.

మే నెల మొదటివారం,
గువ్వలచెరువు ఘాట్ నాలుగో మలుపులో
బ్రేకు పెడల్ మడికట్టు బురదలా కాలికింద దిగిపోయింది.
కాలిన గోనెసంచి వాసన.
ఫస్టు గేరు కుయ్యోమంది.
బండి ఆగింది గానీ ఆపింది నేను కాదు,
రోడ్డే అక్కడ కాస్త ఎత్తెక్కింది.

"ఉడుక్కి చచ్చిపోయినాయి మేడం,"
డిస్కు మీది నీలం మరకను గోటితో గీకి చూశాడు దస్తగిరి.
"ఇది ఒంటి రేకు. సెగ పోయేదానికి దావ ల్యా.
ఎస్టీమ్‌ది యాడన్నా దొరికితే ఏస్తా.
దానికి రెండు పలకలు, నడుమ గాలి సందులు.
ఒక తల్లి బిడ్డలే ఈ బండ్లు. ఇట్ట పెడితే అట్ట కూచుంటాది."

అట్ట కూచోలేదు.
కాలిపర్ మారిస్తే నకిల్ మార్చాలంట,
నకిల్ మారిస్తే బేరింగు,
బూస్టరు పట్టాలంటే గోడకు కొత్త బెజ్జాలు.
పైపు మర ఒకటి అడ్డం తిరిగి రోజంతా మాతో మాట్లాడలేదు.
మూడు ఆదివారాలు పోయాక
నేను లెక్క రాసుకోవడం మానేశాను.
వెనక డ్రమ్ములు మాత్రం పాతవే ఉండనిమ్మన్నాడు,
"అన్నీ ఒకేపారి మారిస్తే బండి మనల్ని గుర్తుపట్టదు."

ఆఖరుకు గాలి తియ్యాలి.
నన్ను సీట్లో కూచోబెట్టి తను చక్రం పక్కన దూరాడు.
గొట్టం నేనే తెచ్చా, ల్యాబ్ నుంచి, సెలైన్ పైపు.
తొక్కు.
పట్టుకో.
వదులు.
తేనెరంగు నూనెలో బుడగలు వరసగా పోతున్నాయి.
తొక్కు.
పట్టుకో.
వదులు.
సిరంజిలో బుడగను వేలితో కొట్టి పైకి తోలడం నా పొట్టకూడు.
ఇంత చిన్న గాలి ఎంత పని చేస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఊరికే అడిగాను, "ఆ ఎస్టీమ్ ఎవరిది?"

కారుకింద కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి.
"యర్రగుంట్లలో పాత సామాన్ల అంగడిది మేడం.
ముందరంతా కొత్తదాని మాదిరి ఉండాది, బంపర్‌కు గీత ల్యా.
ఎనుము అడ్డమొస్తే జానెడు ఎడంలో నిలబడిందంట."

"మరి?"

"ఎనకాల లారీ నిలబడలా."

తొక్కు.
పట్టుకో.

చాలాసేపు మూడో మాట రాలేదు.
స్పానర్ నేలమీద పెట్టిన చప్పుడు.
నా పిక్క వణకడం మొదలుపెట్టింది.
అప్పుడన్నాడు, మెల్లగా,
వదులు.

సోమవారం పొద్దున కొండమీద అరకిలో పాలకోవా కొని దిగాను.
పెడల్ ఇప్పుడు రాయి. బొటనవేలు ఆనిస్తే చాలు,
ముక్కుతాడు గుంజినట్టు ఆగుతుంది.
రెండో మలుపు, మూడో మలుపు,
పాట కూడా పెట్టుకున్నాను.

నాలుగో మలుపు తిరిగేసరికి
పాల క్యాన్ల మోటరుసైకిలు జారి రోడ్డుకడ్డంగా పడింది.
మనిషి లేస్తున్నాడు. క్యాను లేవలేదు.

తొక్కాను.
కోవా పొట్లం ఎగిరి కాళ్ళలో పడింది.
సీసాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.
పాలు పారివచ్చి నా ముందు చక్రాన్ని తాకాయి,
చక్రం మాత్రం పాలను దాటలేదు.

పాలవైపు చూడలేదు నేను, ఆ మనిషి వైపూ చూడలేదు.
అద్దంలో ముగ్గురాయి లారీ.
పెద్దదవుతోంది.
నంబరు కనపడింది,
ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయలు కనపడ్డాయి,
డ్రైవరు నోరు తెరవడం కనపడింది.

ఉస్సుమని గాలి వదిలిన చప్పుడు.

డిక్కీకి ఎంత ఎడమో కొలవలేదు.
పాలతను తడిసిన పంచె పిండుకుంటూ
పక్కనుంచి పొమ్మని చెయ్యూపుతున్నాడు.
లారీ హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది.

నా కాలు పెడల్ మీదే ఉంది.
పట్టుకునే ఉన్నాను.
ఎవరో ఒకరు
ఆ మూడో మాట అనాలి.